మూసేముందు కాసేపు

ఆపరేషన్ సవ్యంగా జరిగిపోయి, ఇక కుట్లు వేసి మూసేయడమే తరువాయి అన్నప్పుడు నేను పేషెంటు బీపీ పెంచుతాను. ఈ మాట బయట ఎవరికి చెప్పినా నమ్మరు. బీపీ తగ్గించడానికే కదా డాక్టర్లున్నది, నువ్వు పెంచడమేమిటని మా చిన్నమ్మ ఓసారి నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నా చేతి కాఫీ కూడా ఆవిడ కాస్త ఆలోచించే తాగింది.

నేను మత్తు డాక్టర్ని. ఇల్లు చిత్తూరులో, ఉద్యోగం తిరుపతిలో. బరువు తగ్గించే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే ఆసుపత్రి మాది. మత్తు డాక్టరంటే ఒక సూది పొడిచి, నిద్రపుచ్చి, తలవైపు స్టూలేసుకుని ఫోను చూసుకునే మనిషని చాలామంది అభిప్రాయం. పేషెంట్లు కూడా సర్జను పేరు ఊరంతా చెప్పుకుంటారు గానీ నా పేరు అడగరు. మొదట్లో ఉడుక్కునేదాన్ని, ఇప్పుడు అలవాటైపోయింది.

బీపీ సంగతికి వస్తాను. ఈ ఆపరేషన్లో కడుపుని నిలువునా కోసి, పెద్ద భాగం తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. పొట్టమీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, లోపలికి గాలి ఊది, కెమెరా దించి, టీవీ తెరమీద చూస్తూ చేస్తారు. కోసే పనిముట్టు పేరు స్టేప్లర్. కడుపుని రెండువైపులా పట్టి నొక్కి, పిన్నులు కొడుతూ నడిమధ్యన కోసుకుంటూ పోతుంది. కడుపేమో రక్తం దండిగా పారే చోటు. ఎంత బాగా పిన్నులు పడినా ఆ గీత వెంబడి ఎక్కడో ఒకచోట సన్నని నాళం తెరుచుకునే ఉంటుంది. మత్తులో బీపీ తక్కువగా ఉంటుంది. ఊదిన గాలి లోపలినుంచి నొక్కుతూ ఉంటుంది. ఆ రెండింటి దెబ్బకీ ఆ నాళం నోరెత్తదు. అంతా పొడిగా ఉందనుకుని మూసేస్తే, మనిషి వార్డులో మెలకువ వచ్చి, దగ్గి, లేచి కూర్చుని, బీపీ మామూలుకొచ్చాక అప్పుడు మొదలెడుతుంది. అందుకని మూసేముందే నేను బీపీ పెంచుతాను, సర్జను గాలి తగ్గిస్తాడు, అందరం తెరకేసి చూస్తూ నిలబడతాం. కారేదేదో మా కళ్ళముందే కారాలని.

ఆ నిలబడడానికి మా థియేటర్లో ఒక పేరుంది. మా సర్జను శ్రీకాళహస్తి మనిషి, నాకంటే చాలా పెద్దవాడు. చేతులు పనిలో ఉన్నంతసేపూ నోరు కూడా పనిలోనే ఉంటుంది. ఆయన ఎత్తని మాట లేదు, ఆయనకి తెలియని పెళ్ళి లేదు. కానీ ఆ చివరి చూపు దగ్గరికొచ్చేసరికి గమ్మున అయిపోతాడు. అలా ఎంతోసేపు కదలకుండా నిలబడితే కొత్తగా వచ్చిన సిస్టర్లు కాళ్ళు మార్చుకుంటారు. వాళ్ళతో ఆయన అనేవాడు, ఇది కంపార్టుమెంటమ్మా, కొండమీద దర్శనానికి కూర్చోలేదా, తలుపు తీసేదాకా లేచేది లేదు అని. అప్పటినుంచి మాకది కంపార్టుమెంటే అయింది. బయట ఎవరైనా ఫోను చేసి సారెక్కడంటే, కంపార్టుమెంట్లో ఉన్నారని సిస్టర్లు చెప్పేస్తారు. అవతలివాళ్ళు సారు దర్శనానికి పోయాడనుకుని ఫోను పెట్టేస్తారు.

నేను చెప్పబోయేది ఒక కండక్టరమ్మ గురించి. చిత్తూరు తిరుపతి బస్సులో ఆవిడని నేను ముందునుంచే ఎరుగుదును. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఫోను చూస్తున్నానని బస్సంతా వినేలా నన్నొకసారి దులిపేసింది. డాక్టర్నని చెబితే ఇంకాస్త ఎక్కువ దులిపింది. అంత గొంతు, అంత చనువు. రానురాను ఆవిడకి ఒళ్ళొచ్చింది. సుగరొచ్చింది, రాత్రిళ్ళు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందట. నిండు బస్సులో సీట్ల మధ్య నడవలేక, వెనకవాళ్ళకి ముందు గుమ్మం దగ్గరినుంచే కేకేసి టికెట్లు అందించడం నేనే చూశాను. ముసిముసిగా నవ్వే జనాన్నీ చూశాను. తర్వాత ఆవిడ బస్సులో కనిపించలేదు.

ఆవిడ మళ్ళీ నాకు కనిపించింది మా ఆసుపత్రి వార్డులో, ఆపరేషనుకి ముందురోజు. నన్ను గుర్తుపట్టి ఫుట్‌బోర్డు మేడమ్ అని నవ్వింది. చిత్తూరు బస్టాండులో ఎంక్వయిరీలో కూర్చోబెట్టారని చెప్పింది.

"మైకులో బస్సులు పిలుస్తా ఉండాను మేడమ్," అంది. "అన్నీ నేను పిలిచేదే, ఎక్కేది మాత్రం ఒకటీ లేదు."

ఆవిడకి కావలసింది సన్నబడడం కాదు, మళ్ళీ బస్సెక్కడం. అద్దంలో అందంగా కనిపించాలని వచ్చేవాళ్ళు మా దగ్గర ఉంటారు, వాళ్ళని నేను తప్పు పట్టను. ఈవిడ మాత్రం అద్దం ఊసే ఎత్తలేదు. రెండు సీట్ల మధ్య సందు ఎంతుంటుందో చేతులతో చూపించింది. అందులో పక్కకి తిరగకుండా నడవాలి, అంతే అంది.

వాడుతున్న మందులేమిటని అడిగాను. సుగరు మాత్ర, బీపీ మాత్ర చెప్పింది. ఇంకేమైనా అని రెట్టించి అడిగాను, ఏమీ లేదంది. పక్కనే ఉన్న భర్త కూడా లేదన్నట్టు తలూపాడు. ఆయన చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, మాట తక్కువ మనిషి. ఆవిడ తల నున్నగా గుండు చేసి ఉంది, చెవుల వెనక ఇంకా గంధం. తిరుపతిలో గుండు చూసి ఎవరూ ఏమిటని అడగరు. మొక్కు తీరిందా అని మాత్రం అన్నాను.

"ముందే ఇచ్చేసినా మేడమ్," అంది. "ఆపరేషను అయినాక ఇస్తానంటే సామి నమ్ముతాడో లేదో."

ఆ సాయంత్రం అందరికీ ఇచ్చినట్టే ఆవిడకీ రక్తం పలచన చేసే ఇంజెక్షను ఇచ్చాం. ఇదింకొక తిరకాసు. భారీ మనుషులు బల్లమీద కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి ఎగబాకే ప్రమాదం ఉంది. అక్కడ కట్టకూడదు, కడుపు కోసిన చోట కట్టాలి. ఒకే ఒంట్లో ఒకే రక్తానికి రెండు రకాల ఆజ్ఞలు. ఇన్నేళ్ళుగా చేస్తున్నా, ఆ రెండూ కుదిరిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

మర్నాడు పొద్దున బల్లమీద పడుకోబెట్టి కాళ్ళకి గాలిసంచులు చుడుతూ, మోకాళ్ళు వాచి ఉన్నాయని సిస్టరు చెప్పింది. ఇంత బరువు మోసే మోకాళ్ళు వాయక ఏం చేస్తాయనుకున్నాను. ఆవిడ నిద్రపోయింది. సర్జను తెరమీద కడుపుని విప్పుకుంటూ, వాళ్ళ వీధిలో ఎవరిదో నిశ్చితార్థం గురించి మొదలుపెట్టాడు. స్టేప్లర్ కడుపుని పట్టాక ఆయన వెంటనే కొట్టడు. పట్టి, నొక్కి, అలాగే ఉంచుతాడు. లోపలి నీరు పక్కకి తప్పుకుని, కండ పలచబడి, పిన్ను సరిగ్గా దిగాలంటే ఆగాలి. ఆయన ఆగాడు, కొట్టాడు. గీత వెంబడి ఎర్రగా చెమ్మ కనిపించింది. అది మామూలే, చూస్తూండగానే ఆరిపోతుంది.

ఆరోజు ఆరలేదు. రెండోసారి కొట్టాడు, మొదటిది ఇంకా కారుతూనే ఉంది. గాజుగుడ్డ పెట్టి అదిమి, తీసి చూస్తే మళ్ళీ అదే. కారిన చోటల్లా క్లిప్పు పెట్టాడు, క్లిప్పు పక్కన ఊరింది. నిశ్చితార్థం కథ మధ్యలోనే ఆగిపోయింది. పొట్టమీద పెట్టిన రంధ్రాల వైపు చూస్తే ప్రతి రంధ్రం అంచునా తడి. కోసిన చోట ఒక్కచోటే కారితే అది ఆ నాళం గొడవ, పట్టుకుని బిగించొచ్చు. అన్నిచోట్లా కారితే గొడవ రక్తంలోనే ఉంది.

"సూడమ్మా," అన్నాడు ఆయన తల తిప్పకుండా. "గడ్డ కట్టడం లేదు. కుడితే సూది దిగిన సోటల్లా కారేట్టుండాది."

దాచుకోవడం ఎందుకు, నాకు భయం వేసింది. కడుపు సగం కోసి ఉంది, వెనక్కి పోవడానికి లేదు. కారడం ఆగకపోతే పొట్ట పూర్తిగా తెరవాలి, తెరిస్తే కారే చోట్లు ఇంకా పెరుగుతాయి. అలాంటి దారిలో పోయిన మనుషులు తిరిగి రాకపోవడం నేను చూశాను. ముందురోజు ఇచ్చిన ఇంజెక్షను ఒక్కటే ఇంత పని చేయదు. ఇంకేదో ఉంది. ఆమె నాతో ఏమీ లేదంది.

మత్తు డాక్టరు చోటు తలవైపు. మధ్యలో గుడ్డ అడ్డం కట్టేస్తారు, అటు పొట్ట సర్జనుది, ఇటు తల నాది. నాకు ఎదురుగా ఉన్నది ఆవిడ గుండు తలే. టోపీ కాస్త జరిగి, చెవి వెనక ఆరిన గంధం కనిపిస్తోంది. దాన్ని చూస్తూ, ఈవిడ కొండకి ఎలా పోయుంటుందనుకున్నాను. అప్పుడు వాచిన మోకాళ్ళు గుర్తొచ్చాయి. బస్సు కోసం ప్రాణం పెట్టే మనిషి, కానీ మొక్కుకి బస్సులో పోదు. మా ఊళ్ళలో మొక్కంటే మెట్లే. మోకాళ్ళు లేనివాళ్ళు కూడా మెట్లే ఎక్కుతారు. అంత ఒంటితో అన్ని మెట్లు ఊరికే ఎక్కడం జరిగే పని కాదు, ఏదో వేసుకునే ఉంటుంది.

సిస్టర్ని బయట కూర్చున్న భర్త దగ్గరికి పంపాను. నడిచి ఎక్కారా, నొప్పికి ఏం వేసుకుంది, ఈ రెండే అడిగి రమ్మన్నాను. ఆమె పరుగున పోయి పరుగున వచ్చింది. నడిచే ఎక్కారట, మొన్ననే. ఎక్కేముందు ఒకటి, మధ్యలో కూర్చున్న చోటల్లా ఒకటి, దిగి ఇంటికి వచ్చాక కూడా నొప్పి తగ్గక నిన్న మధ్యాహ్నం దాకా, నీళ్ళలో వేస్తే పొంగి కరిగే మాత్రలు. అది ఆస్పిరిన్. మందులు చెప్పమంటే ఇది ఎందుకు చెప్పలేదని సిస్టరు గట్టిగానే అడిగిందట.

"అది మందా?" అన్నాడట ఆయన. "కొండెక్కేటోళ్ళు అందరూ వేసుకునేదే కదమ్మా."

ఆయనలా అన్నందుకు నాకు కోపం రాలేదు. నిజంగానే ఈ చుట్టుపక్కల దాన్ని ఎవరూ మందుల లెక్కలో వేయరు. మంచినీళ్ళ సీసా, పసుపు గుడ్డ, కర్పూరం, ఆ మాత్రలు అన్నీ ఒకే సంచిలో పోతాయి. ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్ళు నడుం పట్టేస్తే వేసుకునేది అదే.

రక్తం గడ్డకట్టే వ్యవహారం మొదలుపెట్టేవి ప్లేట్‌లెట్లు. నాళం తెగిన చోటికి ముందు అవే పోయి అతుక్కుంటాయి. ఆ మాత్ర తగిలిన ప్లేట్‌లెట్టు బతికినన్నాళ్ళూ ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది గానీ పిలిస్తే పలకదు. దానికి విరుగుడు లేదు. కొత్తవి ఎక్కించాలి, అవి ఇంకొకరి ఒంట్లోంచి రావాలి. బ్లడ్ బ్యాంకుకి కబురు చేశాను. కట్టిన గడ్డ కరిగిపోకుండా ఆపే మందు ఒకటి ఎక్కించాను. ఒళ్ళు చల్లబడితే రక్తం ఇంకా మొండికేస్తుంది కాబట్టి ఆవిడ చుట్టూ వెచ్చటి గాలి దుప్పటి సర్ది, ఏసీ తగ్గించమన్నాను. సర్జను గాజుగుడ్డ పెట్టి అదిమి పట్టుకుని, అలాగే ఉండిపోయాడు. కోయలేదు, కుట్టలేదు, తీసి చూడలేదు. చేతిలో పనుండీ చేయకుండా ఉండడం ఎంత కష్టమో ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆయన నుదుటి చెమట సిస్టరు తుడుస్తుంటే, ఇవాళ కంపార్టుమెంటు ముందే వచ్చేసిందమ్మా అన్నాడు.

ప్లేట్‌లెట్ల సంచి వచ్చింది. గంజినీళ్ళ రంగులో, పసుపు తిరిగి, కొంచెమే ఉంటుంది. ఎర్రగా ఉండదు కాబట్టి చూసేవాళ్ళకి అది రక్తంలా అనిపించదు కూడా. ఎవరు ఇచ్చారో తెలియదు. ఈ ఊళ్ళో ఎవరో చెయ్యి చాపి పడుకుని, లేచి టీ తాగి ఇంటికి పోయి ఉంటారు. దాన్ని తగిలించి, చుక్కలు పడడం చూస్తూ కూర్చున్నాను.

సంచి అడుగంటాక సర్జను గాజుగుడ్డ మెల్లగా ఎత్తాడు. తెరమీద ఆ గీత అంత పెద్దదిగా కనిపిస్తుంటే నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. ఒకచోట రక్తం ఉబికింది. ఉబికి, జారబోయి, ఆగింది. పైన మెరుపు తగ్గింది, రంగు ముదిరింది, అంచులు పట్టుకున్నాయి. పక్కన ఇంకొకటి, అదీ అంతే. నేను చదువుకునే రోజుల్లో ఈ గడ్డకట్టే వరస ఒక పెద్ద పటంగా ఉండేది. ఒకటి ఇంకొకదాన్ని లేపడం, అది మరొకదాన్ని లేపడం. ఎంత బట్టీపట్టినా నిలిచేది కాదు. పరీక్ష అయ్యాక ఆ పుస్తకాన్ని నానా తిట్లూ తిట్టాను. ఇప్పుడు అది నా కళ్ళముందు, ఎవరూ చెప్పకుండా, ముక్కూముఖం తెలియని మనిషి ఇచ్చిన పిడికెడు కణాలతో, నిద్రపోతున్న ఒక ఆడమనిషి లోపల, ఒక్క మెట్టు కూడా తప్పకుండా జరిగిపోతోంది. నేను పెద్దగా పూజలు చేసే మనిషిని కాదు. ఆరోజు మాత్రం రెండు చేతులూ వాటంతటవే దగ్గరికి వచ్చాయి, గ్లవుజులతోనే.

ఆయన మిగతా కోత పూర్తిచేసి, గీత పొడవునా దారంతో మీదికి ఒక కుట్టు వేశాడు. పక్కనున్న కొవ్వుని కూడా తెచ్చి ఆ గీతకి అతికించాడు. ఇక నా వంతు. బీపీ పెంచాలి. మామూలు రోజుల్లో అది చెయ్యి తిరిగిన పనే. ఆ పూట మాత్రం నా చేతులు ఒప్పుకోలేదు. ఇంత కష్టపడి ఆగినదాన్ని మళ్ళీ కదిలించాలా అనిపించింది. సర్జను నావైపు చూశాడు.

"పెంచమ్మా," అన్నాడు. "ఈడ కారితే మనముండాము. వార్డులో కారితే ఆ యమ్మ ఒక్కతే."

పెంచాను. తెరమీద అంకె మెల్లగా ఎక్కుతుంటే ఆయన గాలి తగ్గించాడు. అందరం నిలబడిపోయాం. మానిటరు చప్పుడు ఒక్కటే. కెమెరా గీత వెంబడి కిందినుంచి పైకి జరిగింది. పొడి, పొడి, ప్లీహం పక్కనా పొడి. చిట్టచివర, పైన, చిన్న బొట్టు ఒకటి లేచింది. ఎవరో ఊపిరి బిగబట్టడం వినిపించింది, నేనే అయ్యుండొచ్చు. ఆయన దానికి ఒక క్లిప్పు పెట్టి, కెమెరాని మళ్ళీ కింది మొదలుకి తెచ్చి, మళ్ళీ మొదటినుంచి చూశాడు. ఈసారి ఎక్కడా ఏమీ లేదు. మేమింకా కదలలేదు. చాలాసేపటికి ఆయన భుజాలు దిగాయి.

"తలుపు తీసినారు," అన్నాడు.

ఆవిడ లేచింది, దగ్గింది, నడిచింది. లోపల ఏమీ కారలేదు. రెండోరోజు వార్డుకి పోయి ఆ మాత్రల సంగతీ, ఇంకొకరి రక్తం ఎక్కించిన సంగతీ నేనే చెప్పాను. కాస్త కోపంగానే చెప్పాను. ఆవిడ దిండు సర్దుకుంది. తర్వాత, నన్ను కొండ ఎక్కించింది ఆ మాత్రే అనుకున్నా మేడమ్, సంపబోయింది కూడా అదేనా అని అడిగింది. అవునన్నాను. ఉన్న ఆస్తంతా ఆ మనిషికి రాసిచ్చేదానిలా ముఖం పెట్టి, ఆ రక్తం ఎవరిదో తెలుస్తుందా అంది. తెలియదన్నాను.

అప్పటినుంచి గుండుతో ఎవరు కనిపించినా నేను మొదట అడిగేది, నడిచి పోయారా, బస్సులో పోయారా అని. దానికీ ఆపరేషనుకీ ఏం సంబంధమని పేషెంట్లు తెల్లబోతారు. మా సిస్టర్లకి మాత్రం తెలుసు.

ఆ ఏడు వానలు పడ్డాక ఒక సాయంత్రం తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాను. నిండా జనం. ఎక్కడో వెనకనుంచి ఎరిగిన గొంతు, టికెట్, టికెట్ అంటూ. తిరిగి చూశాను. జుట్టు చెవులదాకా పెరిగింది. నిలబడ్డవాళ్ళని తోసుకుంటూ, సీట్ల మధ్యన, పక్కకి తిరగకుండా నడిచొస్తోంది. నన్ను చూసి, సీటు దొరికిందే, ఫుట్‌బోర్డు మీద లేరే అంది. బస్సు గుంతలో పడి కుదిపింది. పట్టుకోబోయిన ఆవిడ వేలికి సీటు వెనక రేకు గీరుకుంది. ఎర్రగా బొట్టు లేచింది. ఆవిడ దానిమీద బొటనవేలు అదిమి, రెండో చేత్తో టికెట్లు కొడుతూనే ఉంది.

నా కళ్ళు ఆ వేలిమీదనుంచి కదలలేదు.

"ఏంది మేడమ్ అట్ల సూస్తా ఉండారు?" అంది ఆవిడ. "సిన్న గీత."

బొటనవేలు తీసింది. ఆగిపోయి ఉంది. ఆవిడ ఇంకోసారి దానివైపు చూడను కూడా చూడలేదు, ముందు సీటు వాళ్ళకేసి కదిలింది. నేను కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.